మార్చురీ నుంచి శాసనసభకు

కడుపులోనో, రొమ్ములోనో, గొంతులోనో గడ్డ ఉందని తేలితే డాక్టరు అనే మొదటి మాట ఒకటుంది: ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఆ ముక్క ఫార్మలిన్ సీసాలో ల్యాబుకు వెళ్తుంది. అక్కడ దాన్ని మైనంలో బిగించి, కాగితం కన్నా పలచగా కోసి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడతారు. రిపోర్టు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు ఉండదు. ఇంతకీ ఆ పెథాలజిస్టు చూసేదేమిటి? కణాలను. వాటి ఆకారం మారిందా, వరస తప్పాయా, హద్దు దాటి పక్క పొరలోకి చొరబడ్డాయా అని చూస్తారు. జబ్బు ఆనవాలు కణంలో దొరుకుతుందన్న నమ్మకం మీదే ఈ తతంగమంతా నడుస్తోంది. ఆ నమ్మకాన్ని వైద్యానికి పునాదిగా వేసినవాడు రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టరు.

మెడికల్ కాలేజీ పిల్లలకు ఈ పేరు బాగా తెలుసు. మెడ కింద, ఎడమ కాలరు ఎముక పైన గట్టి గడ్డ చేతికి తగిలితే కడుపులో కేన్సరు ఉందేమో చూడమంటారు. దాని పేరు విర్కో నోడ్. రక్తనాళంలో రక్తం ఎందుకు గడ్డకడుతుందని పరీక్షలో అడిగితే మూడు కారణాలు రాయాలి: ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. దీన్ని విర్కో ట్రయాడ్ అంటారు. నిజానికి ఆయన ఈ మూడింటినీ ఇలా ఒక్కచోట చేర్చి చెప్పలేదు. తర్వాతి తరాల వాళ్లు మూటగట్టి ఆయన పేరు తగిలించారు. పరీక్ష పాసయ్యాక చాలామందికి ఆయన అంతవరకే గుర్తుంటాడు. ఆయన నలభై ఏళ్లకు పైగా బెర్లిన్ నగర కౌన్సిల్ సభ్యుడనీ, దాదాపు అన్నేళ్లూ ప్రష్యా శాసనసభ్యుడనీ పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఈ రెండో సగాన్ని వదిలేస్తే మొదటి సగం కూడా సరిగ్గా అర్థం కాదని నా అభిప్రాయం.

విర్కో 1821 అక్టోబరు 13న పొమెరేనియాలోని షివెల్‌బైన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అది అప్పుడు ప్రష్యా రాజ్యంలోది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రికి కాస్త సేద్యం, ఊరి ఖజానా లెక్కలు రాసే పని. పెద్ద చదువు చెప్పించే స్తోమత లేదు. సైన్యానికి డాక్టర్లను తయారుచేసే సంస్థ ఒకటి బెర్లిన్‌లో ఉండేది. అక్కడ చదువు ఉచితం, బదులుగా కొన్నేళ్లు సైన్యంలో పనిచేయాలి. 1839లో అందులో చేరి, 1843లో పట్టా పుచ్చుకుని షారిటే ఆసుపత్రిలో శవపరీక్షలు చేసే విభాగంలో కుదిరాడు.

అప్పటి వైద్యం ఏ స్థితిలో ఉందో కాస్త చెప్పుకోవాలి. మనకు వాత పిత్త కఫాలు ఉన్నట్టే యూరప్‌లోనూ రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాల సిద్ధాంతం రెండువేల ఏళ్లకు పైగా రాజ్యమేలింది. వీటి పాళ్లు చెడితే జబ్బు. పంతొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చినా ఆ వాసన పోలేదు. వియన్నాలో రోకిటాన్‌స్కీ అనే మహా పెథాలజిస్టు వేల శవాలను కోసి చూసి కూడా, చివరికి రక్తపు మిశ్రమంలో తేడా వల్లే జబ్బులొస్తాయని తేల్చాడు. పాతికేళ్లు నిండిన విర్కో ఆయన సిద్ధాంతాన్ని అచ్చులోనే చీల్చిచెండాడాడు. పెద్దాయన తన పుస్తకం తర్వాతి ముద్రణలో దాన్ని వదిలేశాడు.

విర్కో పనితీరు ఎలాంటిదో 1845లో చేసిన ఒక శవపరీక్ష చెబుతుంది. ప్లీహం విపరీతంగా ఉబ్బి చనిపోయిన ఒక వంటమనిషి శరీరం అది. నాళాల్లో ఉన్నది రక్తంలా లేదు, చీములా తెల్లగా ఉంది. ఎడిన్‌బరోలో బెనెట్ అనే డాక్టరు దాదాపు అదే సమయంలో ఇలాంటి కేసే చూసి, రక్తం చీముపట్టిందని రాశాడు. విర్కో అలా అనలేదు. చీము పట్టాలంటే ఒంట్లో ఎక్కడో పుండు ఉండాలి, ఇక్కడ అదేమీ లేదు. మైక్రోస్కోపులో కనిపించింది ఒకటే: మామూలుగా పలచగా ఉండే తెల్ల కణాలు ఎర్ర కణాలను మించిపోయాయి. అందుకని కారణం జోలికి పోకుండా ‘తెల్ల రక్తం’ అని మాత్రమే శీర్షిక పెట్టాడు. రెండేళ్ల తర్వాత దానికే ల్యుకీమియా అని పేరు పెట్టాడు. తెలిసినంతే చెప్పడం, తెలియనిదానికి కథ అల్లకపోవడం ఆ వయసు వాడికి మామూలు విషయం కాదు. ముసలితనంలో ఈ అలవాటు ఆయనను అప్పుడప్పుడూ వదిలిపోయింది కూడా.

రక్తపు గడ్డల సంగతీ ఆ రోజుల్లోదే. ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడి చనిపోయినవాళ్లను చూసి, ఆ గడ్డ అక్కడే పుట్టిందని అందరూ అనుకునేవారు. కాళ్ల సిరల్లో పుట్టిన గడ్డ తెగి, గుండె మీదుగా వచ్చి అక్కడ ఇరుక్కుందని విర్కో వాదించాడు. కుక్కల మెడ సిరల్లో రబ్బరు ముక్కల్లాంటివి పెట్టి, తర్వాత వాటిని ఊపిరితిత్తుల్లో వెతికి పట్టుకుని చూపించాడు. థ్రాంబోసిస్, ఎంబోలిజం అన్న మాటలు ఆయన ఖాయం చేసినవే. ఆపరేషనయిన మర్నాడే నర్సు వచ్చి లేచి నాలుగడుగులు వేయమని వెంటపడేది ఈ గడ్డల భయంతోనే.

ఇక కణం. జీవులన్నీ కణాలతో కట్టినవేనని ష్లైడెన్, ష్వాన్ 1838, 39ల్లో చెప్పేశారు. మరి కొత్త కణం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆకారం లేని ఏదో ద్రవంలోంచి దానంతటది గడ్డకట్టి పుడుతుందని వాళ్లు అనుకున్నారు. కాదు, ప్రతి కణమూ మరో కణం చీలితేనే పుడుతుందని విర్కో 1855లో ప్రకటించాడు. 1858లో ఇచ్చిన ఇరవై ఉపన్యాసాలు ‘సెల్యులార్ పెథాలజీ’ అన్న పుస్తకంగా వచ్చి వైద్యం దారినే మార్చేశాయి. కేన్సరు బయటినుంచి వచ్చి దూరిన భూతం కాదనీ, మన కణాలే దారితప్పి పెరగడమనీ ఇవాళ బడిపిల్లలకు కూడా తెలిసిందంటే దాని మూలం ఇక్కడుంది. అయితే కణ విభజనను అంతకు ముందే కళ్లతో చూసి రాసినవాడు రాబర్ట్ రెమాక్. ఆయన బెర్లిన్‌లోనే పనిచేసిన యూదు శాస్త్రవేత్త, యూదుడన్న కారణంగా ప్రొఫెసర్ పదవి కోసం ఏళ్ల తరబడి గుమ్మాల దగ్గర నిలబడినవాడు. విర్కో ఆయన పేరెత్తకుండా ఆ ఆలోచనను వాడుకున్నాడు. రెమాక్ నొచ్చుకున్నాడు. నొచ్చుకోవడంలో న్యాయం ఉంది.

శరీరం గురించి విర్కోకు ఇష్టమైన పోలిక ఒకటుంది. ఒంట్లో రాజు లేడు, కణాలన్నీ పౌరులు, వాటి ఉమ్మడి బతుకే శరీరం. ఒక శాస్త్రవేత్తకు ప్రజారాజ్యపు పోలిక ఎలా తోచింది అంటే 1848కి వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది మొదట్లో ప్రష్యా దక్షిణపు కొసన ఉన్న ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం వేలమందిని పొట్టన పెట్టుకుంటోంది. పత్రికలు గోల చేశాయి. ఏదో ఒకటి చేసినట్టు కనిపించాలి గనక ప్రభుత్వం ఒక సీనియర్ అధికారినీ, వెంట ఇరవయ్యారేళ్ల విర్కోనూ పంపింది. ఫిబ్రవరి చివర వెళ్లి మార్చి 10 దాకా అక్కడ తిరిగాడు. పెద్దాయన ముందే వెనక్కి వచ్చేశాడు.

టైఫస్ అంటే మనకు తెలిసిన టైఫాయిడ్ కాదు. టైఫాయిడ్ చెడిపోయిన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుంది. టైఫస్‌ను మోసేది బట్టల మడతల్లో కాపురముండే ఒంటి పేను. పేను కుట్టిన చోట దురదపెట్టి గోక్కుంటే, దాని మలంలోని సూక్ష్మజీవి గీరిన చర్మంలోంచి లోపలికి పోతుంది. కట్టుకున్న బట్ట విప్పి ఉతుక్కోవడానికి మరో జత లేనివాడికి, చలికి పదిమందీ ఒకే గదిలో ముడుచుకుని పడుకునే ఇంటికి ఇది అంటుకుంటే ఆపడం కష్టం. ఇదంతా విర్కోకు తెలియదు. పేను గుట్టు తేలింది 1909లో, ట్యునీషియాలో షార్ల్ నికోల్ చేతిలో. అందుకే ఆయన ఏం రాశాడన్నది మరింత ఆసక్తికరం.

అక్కడి జనం పోలిష్ మాట్లాడే రైతు కూలీలు, గని పనివాళ్లు. ఆలుగడ్డ పంట వరసగా పోయింది. అదే వాళ్ల ముఖ్యమైన తిండి. గుడిసెల్లో మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉంటారు. గనుల మీద, భూముల మీద వచ్చే ఆదాయం దూరాన ఉండే జమీందార్లకు పోతుంది. బడిలో, కచేరీలో మాట్లాడే జర్మన్ ఆ జనానికి రాదు. విర్కో తన నివేదికలో గుడిసెల కొలతల నుంచి వానల లెక్కల దాకా, శవపరీక్షల నుంచి తిండి వివరాల దాకా రాశాడు. వాళ్లను సోమరులని, మురికివాళ్లని అక్కడక్కడా చులకనగా రాసిన మాటలూ అందులో ఉన్నాయి. కానీ మందు రాయాల్సిన చోట ఆయన రాసిన చీటీ చూస్తే ఏ మంత్రికైనా దిమ్మ తిరుగుతుంది: సంపూర్ణ ప్రజాస్వామ్యం, పోలిష్ భాషలో చదువు, స్థానిక పాలన, రోడ్లు, రైతుల సహకార సంఘాలు, పన్నుల భారం బీదల మీద నుంచి ధనికుల మీదకు. టైఫస్ వచ్చింది కాబట్టి జనం చస్తున్నారని ప్రభుత్వం అనుకుంటుంటే, జనాన్ని ఇలా ఉంచారు కాబట్టి టైఫస్ వచ్చిందని ఆయన తేల్చాడు.

పురుగు పేరు తెలియకుండా, పేను సంగతి తెలియకుండా ఇచ్చిన ఆ చీటీలో వైద్యపరంగా తప్పుబట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. తిండి, గూడు, గుడ్డ బాగుపడిన ప్రతిచోటా టైఫస్ తోకముడిచింది.

సైలీషియా నుంచి తిరిగొచ్చిన వారానికే, మార్చి 18న బెర్లిన్‌లో విప్లవం లేచింది. విర్కో ఒక పాత పిస్తోలు పట్టుకుని వీధి బారికేడు వెనక నిలబడ్డాడు. ఆ పిస్తోలుతో పెద్దగా ఒరిగిందేమీ లేదు గానీ, ఆ వేసవిలోనే ఆయన ‘వైద్య సంస్కరణ’ అన్న వారపత్రిక మొదలుపెట్టి, బీదల తరఫున వాదించాల్సిన వకీళ్లు డాక్టర్లేనని, రాజకీయమంటే పెద్ద ఎత్తున చేసే వైద్యమేనని రాయసాగాడు. విప్లవం చల్లారాక 1849లో ఉద్యోగం మీద వేటు పడింది. బవేరియాలోని వ్యూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం పిలిచి పెథాలజీ పీఠం ఇచ్చింది. అక్కడ గడిపిన ఏడేళ్లలోనే కణ సిద్ధాంతం పండింది. 1856లో బెర్లినే బతిమాలి, ఆయన కోసం కొత్త సంస్థ కట్టించి మళ్లీ పిలుచుకుంది.

తిరిగొచ్చిన విర్కో పిస్తోలు పట్టలేదు, ఎన్నికల్లో నిలబడ్డాడు. 1859లో నగర కౌన్సిల్‌కి, 1862లో శాసనసభకి ఎన్నికయ్యాడు. ప్రధాని బిస్మార్క్‌కు పక్కలో బల్లెం అయ్యాడు. 1865లో సభలో మాటామాటా పెరిగి బిస్మార్క్ ఆయనను ద్వంద్వ యుద్ధానికి పిలిచాడు. ఆయుధం ఎంచుకునే హక్కు తనది కాబట్టి విర్కో రెండు సాసేజ్‌లు తెచ్చాడనీ, ఒకదానిలో పంది మాంసపు పురుగు ఉందనీ, ఏదో ఒకటి తినమంటే బిస్మార్క్ జారుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది, రుజువు మాత్రం లేదు. విర్కో ఆ పోరుకు ఒప్పుకోలేదు, అంతే. మాంసపు పురుగు మీద పరిశోధన, పంది మాంసాన్ని అమ్మే ముందు తనిఖీ చేయాలన్న పోరాటం మాత్రం నిజం.

ఆయన ప్రజాజీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మురుగు. నవ్వకండి. 1860ల్లో బెర్లిన్ వీధుల వెంట తెరిచిన కాలువల్లో ఇళ్ల మురుగంతా పారి స్ప్రే నదిలో కలిసేది. దాన్ని ఏం చేయాలన్నదాని మీద ఏళ్ల తరబడి కమిటీలు వేసి, లెక్కలు తీసి, నివేదికలు రాసి, కౌన్సిల్‌ను ఒప్పించినవాడు విర్కో. ఇంజినీరు జేమ్స్ హోబ్రెక్ట్ నగరాన్ని పన్నెండు భాగాలు చేసి, భూమి కింద గొట్టాలు వేసి, మురుగును పంపులతో నగరం బయటి పొలాలకు పంపే పథకం గీశాడు. 1873లో పని మొదలైంది. ఇళ్లు ఒక్కొక్కటే ఆ గొట్టాలకు కలిసిన కొద్దీ టైఫాయిడ్ చావులు తగ్గాయి. దీనికి నోబెల్ బహుమతులు రావు. ఎన్ని ప్రాణాలు నిలిచాయన్న లెక్కలో మాత్రం కణ సిద్ధాంతం కన్నా ఇదే ముందుంటుందని నా అంచనా.

ఇంతటివాడూ సాటి జర్మన్ డాక్టరు రాబర్ట్ కోఖ్ దగ్గర తడబడ్డాడు. 1882 మార్చి 24న కోఖ్ క్షయ క్రిమిని చూపించాడు. విర్కో ఏళ్ల తరబడి దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ముసలివాడి అసూయ అని తేల్చేయడం తేలిక. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అసలు కారణం సైలీషియాలో ఉందనుకుంటాను. జబ్బుకు ఒక పురుగు చాలునంటే, ఆకలి గురించి, గుడిసెల గురించి ఎవరూ మాట్లాడరని ఆయన భయం. భయం సహేతుకమైనదే, దానికోసం క్రిమిని శంకించడం మాత్రం తప్పు. 1845లో కళ్ల ముందున్నదే చెప్పినవాడు, నలభై ఏళ్ల తర్వాత కళ్ల ముందున్నదాన్ని తన సిద్ధాంతంతో తూచాడు.

అయితే కోఖ్ కథలో మరో మలుపు ఉంది. 1890లో కోఖ్ క్షయకు మందు దొరికిందంటూ ట్యుబర్‌క్యులిన్ ప్రకటించాడు. రోగులు బెర్లిన్‌కు పోటెత్తారు. ఆ సూది వేయించుకుని చనిపోయినవాళ్ల శవాలు విర్కో బల్ల మీదకు వచ్చాయి. 1891 జనవరిలో ఆయన వైద్యుల సభలో చెప్పాడు: ఈ మందు క్రిములను చంపడం లేదు, ఒంట్లో కొత్త చోట్లకు వ్యాపింపజేస్తోంది. దేశమంతా జేజేలు కొడుతున్న వేళ మార్చురీ చెప్పిన నిజం అది. ట్యుబర్‌క్యులిన్ మందుగా వీగిపోయింది. క్షయ సోకిందా అని తెలుసుకునే చర్మ పరీక్షగా మాత్రం మిగిలింది.

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చినవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి కూడా ఒకటి ఆయన జీవితంలోనే ఉంది. 1887లో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయింది. జర్మన్ సర్జన్లు కేన్సరన్నారు, ఆపరేషనుకు సిద్ధమయ్యారు. ఇంగ్లండు నుంచి వచ్చిన గొంతు వైద్యుడు మెకెంజీ గొంతులోంచి ముక్క తీసి విర్కోకు పంపాడు. ఆ ముక్కల్లో విర్కోకు కేన్సరు కనబడలేదు, ఆపరేషను ఆగింది. మరుసటి ఏడాది మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యి, 99 రోజులు ఏలి, జూన్ 15న ఆ కేన్సరుతోనే పోయాడు. కోసి చూసిందీ విర్కోనే. ఆనాటి ఆపరేషనుతో బతికేవాడని చెప్పలేం, కానీ పాఠం మిగిలింది. రిపోర్టు తీసిన ముక్క గురించే మాట్లాడుతుంది, తీయని చోటు గురించి కాదు. అందుకే అనుమానం తీరకపోతే డాక్టరు మళ్లీ ముక్క తీద్దామంటారు. అది చేతకానితనం కాదు.

మానవ శాస్త్రంలోనూ ఆయన వేలు పెట్టాడు. 67 లక్షలకు పైగా బడిపిల్లల జుట్టు, కళ్లు, చర్మం రంగులు లెక్కతీయించి 1886లో ప్రచురించాడు. జర్మన్లంటే బంగారు జుట్టు, నీలి కళ్లు అన్నవాళ్లకు అది చెంపపెట్టు. అలాంటి పిల్లలు మూడోవంతు కూడా లేరు, యూదు పిల్లల్లో మాత్రం వందకు పదకొండు మంది అలాగే ఉన్నారు. యూదు ద్వేషం మీద ఆయన సభలో గట్టిగా మాట్లాడాడు. అదే మనిషి ప్రపంచం నలుమూలల నుంచి పుర్రెలు తెప్పించి పోగేశాడు. 1880లో కెనడా తీరంలోని లాబ్రడార్ నుంచి ప్రదర్శన కోసం తెచ్చిన ఎనిమిది మంది ఇన్యూట్ ఆదివాసుల కొలతలు తీశాడు. వాళ్లకు సకాలంలో టీకాలు వేయించే దిక్కు లేక, కొద్ది నెలల్లోనే ఎనిమిది మందీ మశూచితో పోయారు. ఆ కాలంలో పోగేసిన అవశేషాలను వాటి సొంత జనానికి తిరిగి ఇవ్వాలన్న వాదన జర్మనీలో ఇంకా నడుస్తోంది. ప్రాచీన మానవ జాతికి చెందిన నియాండర్తల్ పుర్రెను ఎముకల జబ్బు ఉన్న మామూలు మనిషిదని కొట్టిపారేసిందీ ఆయనే.

1902 జనవరిలో, ఎనభై దాటిన వయసులో, కదులుతున్న ట్రామ్ నుంచి దిగబోయి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. సెప్టెంబరు 5న కన్నుమూశాడు. ఆయన 1847లో మొదలుపెట్టిన పత్రిక ఆయన పేరుతోనే నేటికీ వస్తోంది. శిష్యుడు వెస్టెన్‌హోఫర్ చిలీ వెళ్లి పెథాలజీ నేర్పాడు. ఆ దేశానికి తర్వాత అధ్యక్షుడైన డాక్టర్ సాల్వడార్ అయెందే 1939లో బీదరికానికీ రోగానికీ ఉన్న ముడి మీద రాసిన పుస్తకంలో ఈ ఆలోచనలే కనిపిస్తాయి.

విర్కో, కోఖ్‌లలో ఎవరు గెలిచారని అడిగితే పాఠ్యపుస్తకం కోఖ్ అంటుంది. నేను అంత తొందరపడను. టైఫస్ క్రిమి తెలిసింది, చవకైన మాత్రలతో నయమవుతుంది. అయినా అంతర్యుద్ధంతో చితికిన బురుండీలో, జనం కిక్కిరిసిన శిబిరాల్లో 1997లో 45 వేల మందికి పైగా దాని బారిన పడ్డారు. క్షయ సంగతీ అంతే. క్రిమి ఒంట్లో ఉన్నవాళ్లలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి ఐదు నుంచి పది మందే. ఆ కొద్దిమందిలోకి ఎవర్ని నెట్టాలో తేల్చే వాటిల్లో ఆకలి ముందుంటుంది. 2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనంలో, క్షయ రోగుల ఇళ్లకు నెలనెలా తిండి సరుకులు, విటమిన్లు ఇస్తే ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రావడం 39 శాతం తగ్గిందని తేలింది. కొత్త మందేమీ లేదు. బియ్యం, పప్పు, అంతే.

మన దేశంలో టీబీ మందులు వాడేవాళ్లకు తిండి ఖర్చు కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1000 రూపాయల చొప్పున బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. 2024 నవంబరు దాకా అది 500 రూపాయలే. మీ ఇంట్లోనో, మీ దగ్గర పనిచేసేవాళ్ల ఇంట్లోనో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే, ఆ డబ్బు పడుతోందో లేదో అడగండి. పడకపోతే బ్యాంకు పాసుబుక్కు, ఆధార్ కార్డు తీసుకుని దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లండి.